పిడికెడు బియ్యం: ఎలా తీయాలి, పేదింటికి ఎలా చేర్చాలి?

వంటకు ముందు పిడికెడు బియ్యం పక్కన పెట్టి ఆదివారం గుడికి తెచ్చే అలవాటు మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో పాతదే. మిజోరం క్రైస్తవ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన 'బుహ్‌ఫై థామ్' కూడా ఇదే, వాళ్లు ఈనాటికీ ఆపలేదు. మన దగ్గర మాత్రం పేదల పేరు చెప్పి బియ్యం పోగుచేయడం, ఆరాధన అయ్యాక వేలం వేయడం, వచ్చిన డబ్బు మైకుసెట్టుకో గోడల సున్నానికో పెట్టేయడం చాలాచోట్ల చూశాను. ఆ ఖర్చులకు కానుకలు ఉన్నాయి. పేదల కోసం తీసిన బియ్యం పేదల పొయ్యి మీదే ఉడకాలి.

కావలసింది మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బా, పురుగు పట్టకుండా నాలుగు ఎండుమిరపకాయలు, అంతే. ప్లాస్టిక్ డబ్బా వద్దు. బియ్యం డబ్బా పక్కనే పెట్టుకోండి, కళ్లముందు లేకపోతే మర్చిపోతారు.

ఆ పూటకు కొలిచిన బియ్యంలోంచే, కడగకముందే తీయాలి. బస్తాలోంచి విడిగా తీస్తే లెక్కలోకి రాదు. మన కంచంలో ఆ పిడికెడు తగ్గాలి. బైబిల్లో సామెతలు 3:9 ప్రథమఫలం ఇమ్మంటుంది, మిగిలింది ఇమ్మనదు. రెండు పూటలా తీస్తే వారానికి అర కిలో దాటుతుంది. చిల్లర కవరులో వేసి ఇవ్వడం కన్నా ఇదే మేలని నేను ఎప్పుడూ చెబుతాను. కవరు వారానికి ఒకసారి గుర్తొస్తుంది, పిడికెడు మాత్రం పొయ్యి వెలిగించినప్పుడల్లా పేదవాణ్ని గుర్తుచేస్తుంది.

నెలాఖరులో డబ్బా అడుగు కనిపిస్తున్నప్పుడు చెయ్యి వెనక్కి లాగుతుంది. బైబిల్లో సారెపతు ఊరి విధవరాలికి కరువులో మిగిలింది ఒక్క పూట పిండి, కొంచెం నూనె. ముందు తనకు రొట్టె చేసిపెట్టమని ప్రవక్త ఏలీయా అడిగాడు, ఆమె చేసిపెట్టింది. దేవుడు చూసుకుంటాడని మనం పాడే పాటలకు పరీక్ష ఆ నాలుగు రోజుల్లోనే. అప్పుడు పిడికిలి చిన్నదైనా పర్వాలేదు, మానొద్దు. కానీ పిల్లలు పస్తులుంటున్న ఇంట్లో తీయమని ఎవరినీ ఒత్తిడి చేయకండి, ఆ ఇంటికే మనం తీసుకెళ్లాలి. పిడికెడు ఇస్తే బస్తా వస్తుందని ఆశ చూపేవాళ్ల మాట అసలు వినకండి. అది నమ్మకం కాదు, బేరం.

గుడిలో సన్నబియ్యానికి ఒక గమేళా, దొడ్డుబియ్యానికి ఇంకొకటి పెట్టండి. రెండూ కలిపితే ఒకటి మెత్తబడే సరికి ఇంకొకటి పలుకుగానే ఉంటుంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తున్నారు కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది తగ్గింది. చేటలో చెరిగి, రాళ్లు ఏరి, సంచుల్లో పోయండి.

ఇక ఇవ్వడం. అందరూ పాడుచేసేది ఇక్కడే.

ఎవరికివ్వాలో పాస్టర్ గారు ఒక్కరే తేల్చకూడదు. తొలినాటి యెరూషలేము సంఘంలోనే కొందరు విధవరాండ్రకు రోజువారీ వంతు సరిగా అందలేదని సణుగు పుట్టింది, అపొస్తలులు ఆ పనికి ఏడుగురిని ఏర్పాటు చేయించారు. వీధి వీధీ తెలిసిన ముగ్గురు స్త్రీలకు అప్పగించండి. ఎవరింట్లో మనిషి మంచం పట్టాడో, ఎవరికి పని దొరకడం లేదో వాళ్లకే తెలుస్తుంది.

మన సంఘం వాళ్లకే అని గీత గీయకండి. పొలం అంచులు పూర్తిగా కోయకుండా బీదలకూ పరదేశులకూ వదలమని లేవీయకాండం 19లో ఉంది. పరదేశి ఏ దేవుణ్ని మొక్కుతాడో అడగమని అందులో లేదు. ఆదివారం గుడికి రావాలని షరతు పెట్టినా, మాటవరసకు అన్నా, ఆ బియ్యం ఎర అయిపోతుంది.

ఫోటో తీయొద్దు. ఒక్కటి కూడా వద్దు, సంఘం వాట్సాప్ గ్రూపుకైనా సరే. ధర్మం చేస్తూ బూర ఊదించుకోవద్దని ప్రభువు మత్తయి 6లో చెప్పాడు. పేరు పిలిచి, స్టేజీ మీద నిలబెట్టి, ఫ్లెక్సీ ముందు సంచి అందించడం ఆ బూరే. ఆ తల్లి కొడుకు మన పిల్లలతోనే బడికి వెళ్తాడు. మర్నాడు క్లాసులో వాడు తల ఎలా ఎత్తుకుంటాడు?

చీకటి పడ్డాక ఇద్దరు ఆడవాళ్లు మామూలు చేతిసంచితో వెళ్లండి. "పెద్దమ్మా, అందరం తలా పిడికెడు తీశాం, ఇది నీ వంతు" అంటే చాలు. కాసేపు కూర్చోండి, మంచినీళ్లిస్తే తాగండి. ఆమె అడిగితేనే ప్రార్థన చేయండి.

పాతిక ఇళ్లు తీస్తే నెలకు యాభై కిలోల పైనే పోగవుతుంది. దాన్ని యాభై ఇళ్లకు కిలో చొప్పున పంచకండి, ఐదిళ్లకు పదేసి కిలోలు ఇవ్వండి, అవే ఇళ్లకు మూడు నెలలు ఇవ్వండి. డిసెంబరులో చీరలు పంచి ఏడాదంతా మర్చిపోయే పద్ధతి నాకు ససేమిరా నచ్చదు. నాట్లయ్యాక కోతల దాకా కూలిపని పలచబడుతుంది, ఆ నెలల్లో సంచి తప్పకూడదు.

బియ్యం తీసుకున్న ఇంటామె తర్వాతి ఆదివారం తన పిడికెడు తెస్తే వద్దనకండి. మాసిదోనియ సంఘాలు నిరుపేదరికంలోనే ఇచ్చాయని పౌలు కొరింథీయులకు రాశాడు. అందరిలాగే ఆమె చేతా గమేళాలో పోయించండి. ఇస్తోంది కదా అని జాబితాలోంచి ఆమె పేరు మాత్రం కొట్టేయకండి.