మ్యాచ్ మధ్యలో ఆపాల్సి వస్తే: తొండి లేకుండా బయటపడే పద్ధతులు

ఆన్‌లైన్ పోటీ ఆటను మధ్యలో ఆపడం దానంతట అదే తప్పు కాదు. చదరంగంలో ఓటమి ఒప్పుకుని లేవడం నియమాల్లోనే ఉంది. స్టార్‌క్రాఫ్ట్‌లో పెద్ద పెద్ద పోటీల్లో కూడా చాలా ఆటలు చివరి భవనం కూలేదాకా సాగవు, ఓడేవాళ్ళు "జీజీ" (గుడ్ గేమ్, అంటే ఆట బాగుంది) అని రాసి వెళ్ళిపోతారు. మీరు ఆపేసిన ఆటలో మిగతావాళ్ళు ఇరుక్కుపోయినప్పుడే తొండి మొదలవుతుంది.

అందుకే క్విట్ బటన్ వైపు చెయ్యి వెళ్ళినప్పుడు ఒక్క సంగతి చూసుకోండి: ఇప్పుడు మీరు వెళ్తే ఆట అక్కడితో అయిపోతుందా, మీరు లేకుండా సాగుతుందా? అయిపోతే ఓటమి ఒప్పుకుని నిశ్చింతగా వెళ్ళొచ్చు. సాగుతుందంటే సరెండర్ ఓటు (ఓటమి ఒప్పుకుందామా అని జట్టంతా వేసే ఓటు) ఒక్కటే దారి, అది నెగ్గకపోతే అత్యవసరమైతే తప్ప ఆడాల్సిందే. కింద చెప్పేవన్నీ దీన్ని పట్టుకునే నడుస్తాయి.

క్యూ (మ్యాచ్ కోసం వేచే వరుస) నొక్కే ముందు

మధ్యలో వెళ్ళిపోయేవాళ్ళందరూ కోపంతో వెళ్ళరు. చాలామందికి టైమ్ చాలక వెళ్ళాల్సి వస్తుంది. "అరగంటలో అయిపోతుందిలే" అన్న లెక్క అక్కడ దెబ్బ కొడుతుంది. సగటు మ్యాచ్‌ని కాదు, సాగదీసిన మ్యాచ్‌ని లెక్కలోకి తీసుకోండి.

తుపాకుల జట్టు ఆట కౌంటర్‌స్ట్రైక్ 2 సంగతి చూడండి. 13 రౌండ్లు ముందు గెలిచినవాళ్ళదే మ్యాచ్, అంటే ఓవర్‌టైమ్ లేకుండా గరిష్ఠంగా 24 రౌండ్లు. ఆయుధాలు కొనుక్కునే విరామం 15 సెకన్లు, రౌండ్ 1 నిమిషం 55 సెకన్లు. ప్రతి రౌండూ చివరిదాకా సాగితే 52 నిమిషాలు అవుతుంది. బాంబు పెట్టాక అది పేలడానికి పట్టే 40 సెకన్లు, టైమ్‌అవుట్లు, ఓవర్‌టైమ్ దీనికి అదనం. నిజానికి చాలా రౌండ్లు తొందరగానే ముగుస్తాయి, కానీ గంట ఖాళీ లేకుండా క్యూలోకి వెళ్ళకపోవడమే మంచిది. డోటా 2కీ గంట పక్కన పెట్టుకోవాలి. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కి, వాలరెంట్‌కి 50 నిమిషాలు అనుకుంటే ఇబ్బంది ఉండదు. అంత సమయం లేకపోతే ర్యాంక్డ్ (మీ ర్యాంకు లెక్కించే మ్యాచ్) వద్దు. డెత్‌మ్యాచ్ లాంటి, ఎవరికి వారే ఆడే మోడ్‌లో ఒకరు వెళ్ళినా ఎవరికీ నష్టం లేదు.

క్యూలో ఉండగానే ఫోన్ మోగితే వెంటనే క్యాన్సిల్ చేయండి, దానికి ఏ శిక్షా లేదు. పాత్రల్ని ఎంచుకునే స్క్రీన్‌లో వెళ్ళిపోతే చాలా ఆటల్లో కొన్ని పాయింట్లు పోతాయి, కొన్ని నిమిషాలు ఆగాలి. అయినా మ్యాచ్ మొదలయ్యాక వెళ్ళడంతో పోలిస్తే అది చాలా చిన్న నష్టం. అనుమానం ఉంటే అక్కడే తేల్చుకోండి.

ఇంటర్నెట్ విషయంలో చేయాల్సింది మూడే పనులు. వీలుంటే కేబుల్ పెట్టండి. వైఫై తప్పదనుకుంటే 2.4 గిగాహెర్ట్జ్ వదిలి 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చోండి. వెనకాల నడుస్తున్న డౌన్‌లోడ్లు, సిస్టమ్ అప్‌డేట్లు ఆపేయండి. పింగ్ (సర్వర్ దాకా వెళ్ళి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 20 చూపిస్తోందని మురిసిపోవద్దు. ఆటను తెంపేది ఎక్కువగా ప్యాకెట్ లాస్, అంటే డేటా ముక్కలు దారిలోనే పోవడం. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ గ్రాఫ్ ఆన్ చేసి చూడండి. ప్రాక్టీస్‌లోనే 2 శాతం దాటి కనిపిస్తుంటే ఆ రోజుకి ర్యాంక్డ్ మానుకోండి. ఫోన్‌లో ఆడేవాళ్ళయితే కాల్ వచ్చినప్పుడు ఆట వెనక్కి పోకుండా గేమింగ్ మోడ్ పెట్టుకోవాలి.

ఒకరితో ఒకరు ఆడే ఆటలు

చదరంగంలో, స్టార్‌క్రాఫ్ట్‌లో, ఫైటింగ్ గేమ్స్‌లో మీ ఓటమి మీ సొంతం. ఎప్పుడు ఒప్పుకున్నా అడిగేవాళ్ళు లేరు. ఒప్పుకునే తీరులోనే తేడా వస్తుంది.

చదరంగంలో అన్నిటికన్నా చెడ్డది గడియారం నడవనిచ్చి కూర్చోవడం. పది నిమిషాల ఆటలో రాణి పోయింది, ఇంకా ఆరు నిమిషాలు మిగిలాయి, ఎత్తు వేయకుండా ట్యాబ్ తెరిచి ఉంచి వెళ్ళిపోతారు. అవతలివాళ్ళు ఆరు నిమిషాలు కదలని బోర్డును చూస్తూ ఉండాలి. లీచెస్, చెస్ డాట్ కామ్ అనే చదరంగం సైట్లు రెండూ ఇలాంటి అలవాటును గుర్తించి హెచ్చరిస్తాయి, మళ్ళీ మళ్ళీ చేస్తే ఆడకుండా ఆపుతాయి. ట్యాబ్ మూసేసినా పెద్దగా లాభం లేదు. ఆటగాడు వెళ్ళిపోయాడని లీచెస్ గుర్తించాక అవతలివాళ్ళకి గెలుపు క్లెయిమ్ చేసుకునే అవకాశం ఇస్తుంది. తెల్ల జెండా బటన్ నొక్కితే రెండు సెకన్లలో పని అయిపోతుంది.

అలాగని ముక్క పోగానే జెండా ఎత్తేయకండి. ముందు మూడు విషయాలు చూడండి. అవతలివాళ్ళ గడియారంలో ఎంత మిగిలింది? ఎత్తుకు అదనపు సెకన్లు లేని ఆటలో వాళ్ళకి పది సెకన్లే ఉంటే ఆట ఇంకా బతికే ఉంది. స్టేల్‌మేట్‌కి (చెక్ లేకపోయినా వేయడానికి ఎత్తే లేక ఆట డ్రా అవడానికి) దారి ఉందా? మీకు ఒక్క రాజు మాత్రమే మిగిలినప్పుడు తొందరపడే ప్రత్యర్థి రాణితోనే ఆటను డ్రా చేసేస్తాడు. ఇక మూడోది, ఇది నేర్చుకోదగ్గ ముగింపా? రూక్, బంటు ముగింపుల్లో ఓడిపోతూ ఆడినా చేతికి వచ్చేది చాలా ఉంటుంది. మూడింటికీ లేదు అనే జవాబు వస్తే అప్పుడు ఒప్పుకోండి.

ఫైటింగ్ గేమ్స్‌లో రేజ్ క్విట్ అంటే చివరి దెబ్బ పడబోతుండగా కేబుల్ పీకేయడం. 2016లో స్ట్రీట్ ఫైటర్ 5 వచ్చిన కొత్తలో ఇలా పీకేసినవాళ్ళకి సరైన శిక్షే లేదు, అది పెద్ద గొడవై తర్వాత ఆట తయారుచేసిన క్యాప్‌కామ్ చర్యలు తీసుకోవాల్సి వచ్చింది. పీకడం వల్ల మిగిలేది కూడా అంతంతమాత్రమే. సమాన స్థాయివాళ్ళ చేతిలో ఓడి పోగొట్టుకున్న పాయింట్లు, అలాంటివాళ్ళ మీద గెలిచిన ఒక్క మ్యాచ్‌తో దాదాపు తిరిగొచ్చేస్తాయి.

జట్టు ఆటల్లో సరెండర్ ఓటు

ఒక్కో ఆటది ఒక్కో పద్ధతి. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో 15వ నిమిషం నుంచి ఓటు పెట్టొచ్చు, కానీ అప్పుడు ఐదుగురూ ఒప్పుకోవాలి. 20వ నిమిషం దాటాక ఐదుగురిలో నలుగురు చాలు. వాలరెంట్‌లో ఐదో రౌండ్ నుంచి ఓటు వస్తుంది. డోటా 2లో విడివిడిగా వచ్చిన ఆటగాళ్ళకి సరెండర్ అనేదే లేదు, కోట పడేదాకా ఆడాలి. అది తెలిసే క్యూలోకి వెళ్ళాలి. ఇలాంటి అంకెలు అప్‌డేట్లతో మారుతుంటాయి కాబట్టి సీజన్ మొదట్లో ఒకసారి ప్యాచ్ నోట్స్ (అప్‌డేట్‌లో ఏం మారిందో చెప్పే జాబితా) చూసుకోండి.

ఓటు ఎప్పుడు పెట్టాలన్నదే అసలు ప్రశ్న. స్కోరు బోర్డు చూసి పెట్టే ఓట్లలో ఎక్కువ భాగం తొందరపాటువే.

షూటర్ ఆటల్లో సగం ఆట అవ్వకముందు ఓటు పెట్టకండి. కౌంటర్‌స్ట్రైక్ 2లో 12 రౌండ్ల తర్వాత వైపులు మారతాయి, అందరి డబ్బూ మళ్ళీ 800 డాలర్లకు వస్తుంది. అంటే 3-9తో వెనకబడినా అవతలివాళ్ళు కూడబెట్టుకున్న డబ్బు, దాచుకున్న తుపాకులు ఆ క్షణంలో మాయమవుతాయి. పైగా కొన్ని మ్యాపుల్లో ఒక వైపు గెలవడం తేలిక, మీరు కష్టమైన వైపు ముందు ఆడి ఉండొచ్చు. రెండో సగంలో మొదటిదైన పిస్టల్ రౌండ్ (డబ్బు తక్కువ కాబట్టి పిస్టళ్ళతోనే ఆడేది), ఆ తర్వాతి రెండు రౌండ్లు కలిసొస్తే 6-9. ఆ మూడూ పోయి 3-12 అయితే అప్పుడు నిరాశకు అర్థం ఉంది. నిజానికి వరుసగా ఓడుతున్న కొద్దీ ఆటే మీకు ఎక్కువ డబ్బిస్తుంది: ఓటమి బోనస్ 1400 నుంచి మొదలై 500 చొప్పున పెరిగి 3400 దాకా వెళ్తుంది. చాలా జట్లు ఈ డబ్బు చేతికి రాకముందే ప్రతి రౌండూ అరకొర తుపాకులు కొని చిత్తవుతాయి, తర్వాత మనసు విరిగి ఓటు పెడతాయి. ఒక రౌండ్ ఏమీ కొనకుండా వదిలేసి, తర్వాతి రౌండ్ ఐదుగురూ నిండుగా కొనండి. ఆ రౌండ్ ఎలా సాగిందో చూశాకే ఓటు గురించి ఆలోచించండి.

మోబాల్లో (లీగ్, డోటా లాంటి, అవతలి కోట కూల్చే జట్టు ఆటల్లో) లెక్క వేరు. లెవెల్ పెరిగేకొద్దీ చచ్చినవాళ్ళు తిరిగి లేవడానికి పట్టే సమయం పెరుగుతుంది, కాబట్టి 35వ నిమిషంలో ఒక్క పోరు గెలిస్తే నేరుగా కోట దాకా వెళ్ళిపోవచ్చు. పదిహేనో నిమిషంలో 4-15 కిల్స్ ఉన్నంత మాత్రాన ఆట పోయినట్టు కాదు. చూడాల్సింది ఇంకొకటి: ఆలస్యమయ్యేకొద్దీ బలపడే పాత్రలు ఎవరి జట్టులో ఉన్నాయి? మీ జట్టులో ఉంటే సాగదీయండి. వాళ్ళ దగ్గర ఉండి, పైగా వాళ్ళే ముందుంటే ఓటు సబబే. లీగ్‌లో పడిపోయిన ఇన్‌హిబిటర్ (బేస్‌లోని కీలక కట్టడం) ఐదు నిమిషాలకు తిరిగి లేస్తుంది, కాబట్టి ఒకటి పడినా ఊపిరి ఆడుతుంది. డోటాలో అలాంటి కట్టడాలైన బ్యారక్స్ పడితే పడినట్టే. అయినా అక్కడ బైబ్యాక్ (డబ్బిచ్చి చచ్చిన పాత్రను వెంటనే లేపుకోవడం) ఉంది కాబట్టి డబ్బు దాచుకున్న జట్టు మెగా క్రీప్స్ (బ్యారక్స్ అన్నీ పోతే అవతలివాళ్ళకి వచ్చే బలమైన సైనికులు) ఎదురైనా గెలవగలదు.

ఓటు పెట్టే మర్యాద ఇంతే: ఒకసారి పెట్టండి, ఎందుకో ఒక్క ముక్కలో చెప్పండి, నెగ్గకపోతే నోరు మూసుకుని ఆడండి. రెండు నిమిషాలకోసారి ఓటు పెడుతూ ఉంటే, గెలవొచ్చని నమ్మే ఒకరిద్దరు కూడా నీరుగారిపోతారు. ఓటు నెగ్గలేదని బేస్‌లో నిలబడటం, కావాలని చచ్చిపోతూ ఉండటం, అవతలి జట్టుకు మీవాళ్ళు ఎక్కడున్నారో చాట్‌లో చెప్పడం, ఇవన్నీ వెళ్ళిపోవడం కంటే ఘోరం. వెళ్ళిపోయినవాళ్ళు ఒక చోటు ఖాళీ చేస్తారు, వీళ్ళు ఆ చోట్లో ఉంటూనే జట్టును నట్టేట ముంచుతారు. తిప్పి చెప్పాలంటే, నలుగురు ఆగిపోదామంటుంటే ఒక్కరు పంతానికి "లేదు" నొక్కడం కూడా ఏమంత గొప్ప పోరాట పటిమ కాదు. గెలిచే దారి కనిపిస్తే చెప్పి ఆపండి, కనిపించకపోతే "అవును" నొక్కండి.

కనెక్షన్ తెగితే

గేమ్ మూసేయకండి. చాలాసార్లు రీకనెక్ట్ బటన్ ముప్ఫై సెకన్లలోపే పని చేస్తుంది. రాకపోతే రౌటర్ రీస్టార్ట్ చేయడం కన్నా ఫోన్ హాట్‌స్పాట్‌కి మారడం త్వరగా అవుతుంది, రౌటర్ లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. డోటా 2లో ఐదు నిమిషాలకు మించి బయట ఉంటే మ్యాచ్ వదిలేసినట్టు లెక్క, అందుకే ఈ నిమిషాలు విలువైనవి. తిరిగి వచ్చాక "నెట్ పోయింది, సారీ" చాలు. సంజాయిషీ రాస్తూ నిలబడితే ఇంకోసారి చస్తారు.

నిజంగా వెళ్ళాల్సి వస్తే

ఇంట్లో ఎవరికో బాగోలేదు, తలుపు దగ్గర ఎవరో వచ్చారు, ఇలాంటప్పుడు ఏ మ్యాచ్ కన్నా అదే ముఖ్యం. వెళ్ళండి. వెళ్ళేముందు పది సెకన్లు దొరికితే ఇలా చేయండి: బాంబు మీ దగ్గర ఉంటే జట్టు వాళ్ళ ముందు పడేయండి, మంచి తుపాకీ ఉంటే అది కూడా. వాలరెంట్‌లో కొనే సమయంలో ఉంటే మీ క్రెడిట్స్‌తో పక్కవాళ్ళకి ఆయుధం కొనివ్వండి. మోబాలో అయితే మీ పాత్రను బేస్‌కి పంపి ఆపండి, దారి మధ్యలో వదిలేస్తే అవతలివాళ్ళకి ఉచితంగా గోల్డ్ ఇచ్చినట్టే. "వెళ్ళాలి, తిరిగి రాను" అని రాయండి. తిరిగొస్తారో లేదో తెలియక జట్టు ఎదురుచూడటమే ఎక్కువ నష్టం.

శిక్ష పడుతుంది, పడనివ్వండి. సర్వర్‌కి కారణాలు తెలియవు. కౌంటర్‌స్ట్రైక్‌లో ఈ నిషేధాలు 30 నిమిషాలు, 2 గంటలు, 24 గంటలు, 7 రోజులు అని మెట్లు మెట్లుగా పెరుగుతాయి. డోటాలో లో ప్రయారిటీకి (శిక్ష పడ్డవాళ్ళ క్యూకి) పంపుతారు, అక్కడ సింగిల్ డ్రాఫ్ట్ అనే మోడ్‌లో మ్యాచ్‌లు గెలిస్తేనే బయటపడతారు. మొదటి మెట్టు చాలా చిన్నది. నెలకోసారి వచ్చే అత్యవసరాన్ని అది ఏమీ చేయదు, రోజూ అలిగి వెళ్ళేవాళ్ళకే వడ్డిస్తుంది.

జట్టులో ఇంకొకరు వెళ్ళిపోతే

మొదట్లోనే ఎవరైనా రాకపోతే లీగ్, వాలరెంట్ రెండింటిలోనూ మ్యాచ్‌ని రద్దు చేసే రీమేక్ ఓటు ఉంది. వాలరెంట్‌లో అది రెండో రౌండ్ మొదట్లో వస్తుంది. ఆ కొద్ది సమయంలో ఓటు వేయడం మరిచిపోతే మ్యాచ్ అంతా నలుగురితోనే. డోటాలో ఎవరైనా మ్యాచ్ వదిలేసినట్టు లెక్కకొచ్చాక మిగతావాళ్ళు శిక్ష లేకుండా వెళ్ళొచ్చని ఆటే తెరపై చెబుతుంది. ఆ సందేశం వచ్చేదాకా కదలకండి, ముందే వెళ్తే మీరూ దోషే. అపెక్స్ లెజెండ్స్‌లో మీరు చచ్చాక కూడా 90 సెకన్లు ఉండండి, మీ బ్యానర్ (మిమ్మల్ని తిరిగి బతికించడానికి కావాల్సిన గుర్తు) తీసుకోవడానికి జట్టుకు ఉండే గడువు అదే. ఆ గడువు అయ్యాక బ్యానర్ దొరకలేదంటే వెళ్ళొచ్చు.

రిపోర్ట్ చేసేటప్పుడు వెళ్ళిపోయినవాళ్ళనే చేయండి, సరిగ్గా ఆడలేకపోయినవాళ్ళని కాదు.

జీజీ ఎవరు ముందు అనాలి

ఓడేవాళ్ళు. గెలుస్తున్నవాళ్ళు ఆట ముగియకముందే "జీజీ" అంటే అది మర్యాద కాదు, పుండు మీద కారం. "ఈజీ" అని రాయడం అంతకన్నా చవకబారు పని. ఓవర్‌వాచ్‌లో ఎవరైనా "జీజీ ఈజీ" అని టైప్ చేస్తే, దాని బదులు ఏదో వేళాకోళపు వాక్యం వాళ్ళ పేరుతోనే అందరికీ కనిపించేలా ఆట తయారుచేసిన బ్లిజార్డ్ పెట్టింది. రాసినవాళ్ళు తమ పేరు పక్కన ఆ వాక్యం చూసుకుని తెల్లబోవాల్సిందే.

వరుసగా రెండు ఓడితే పదిహేను నిమిషాలు కుర్చీలోంచి లేవండి, మూడోది కూడా పోతే ఆ రోజుకి ర్యాంక్డ్ బంద్. కోపంతో చేతులు తప్పుతున్న ఈ స్థితిని టిల్ట్ అంటారు. ఆ మాట పిన్‌బాల్ యంత్రాల నుంచి వచ్చింది: యంత్రాన్ని పట్టుకుని ఊపితే "టిల్ట్" అని చూపించి, ఆ బంతికి ఫ్లిప్పర్లు పని చేయకుండా ఆపేసేది. ఆన్‌లైన్ ఆట అలా ఆపదు, మరో మ్యాచ్‌కి బటన్ చూపిస్తూనే ఉంటుంది. అందుకే ఎన్ని ఓటముల దగ్గర ఆపాలో మొదటి మ్యాచ్‌కి ముందే, స్నేహితులతో ఆడుతుంటే అందరితో కలిసి, అనుకుని పెట్టుకోండి. మూడో ఓటమి తర్వాత ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరివల్లా కాదు.