తిండి మానేసిన మనిషి మళ్లీ తినడం మొదలుపెట్టే ముందు

అనొరెక్సియాతో, అంటే బరువు పెరుగుతామనే భయంతో తిండి మానేసే మానసిక జబ్బుతో, నెలల తరబడి సరిగా తినని మనిషి ఒకరోజు "తింటాను" అంటే ఇంట్లోవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. ఆ సంతోషంలో పళ్లెం నిండా వడ్డించి, కొసరి కొసరి తినిపించాలనిపిస్తుంది. దయచేసి అక్కడ ఒక్క క్షణం ఆగండి. ముందు డాక్టరుతో మాట్లాడండి.

పస్తులతో శరీరం తన కొవ్వునీ కండనీ కరిగించుకుని బతుకుతూ ఉంటుంది. గుండె కూడా కండే, అదీ చిక్కిపోతుంది. ఈ స్థితిలో తిండి ఒక్కసారిగా లోపలికి వెళితే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం అనే ఖనిజ లవణాలు కణాల్లోకి వెళ్లిపోతాయి. రక్తంలో అవి పడిపోతే గుండె లయ తప్పవచ్చు, ఊపిరి తీసే కండరాలు చేతులెత్తేయవచ్చు, ఫిట్స్ రావచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచయుద్ధంలో నెలల తరబడి ఆకలితో మాడిన ఖైదీలు కొందరు విడుదలయ్యాక, కడుపునిండా తిని చనిపోయారు. వాళ్లకు తిండి పెట్టినవాళ్లదీ ప్రేమే.

అందుకే తిండి పెంచకముందే రక్తపరీక్షలు, ఈసీజీ చేయించాలి. పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా నాడి, బీపీ చూడాలి. బి1 విటమిన్ ముందే మొదలుపెట్టాలా అని డాక్టర్ని అడగండి. ఒక విషయం బాగా గుర్తుంచుకోండి: తినకముందు చేసిన రక్తపరీక్ష నార్మల్‌గా వచ్చినా ధైర్యం చాలదు. ఫాస్ఫేట్ పడిపోయేది తిన్నాకే. కాబట్టి మొదటి వారంలో పరీక్షలు మళ్లీ మళ్లీ చేయాల్సి ఉంటుంది. ప్రమాదం ఎక్కువని తేలితే ఆ రోజులు ఆసుపత్రిలో గడపడమే మంచిది.

మనిషి చూడటానికి సన్నగా లేకపోయినా ఈ జాగ్రత్తలు తప్పవు. తక్కువ కాలంలో బాగా బరువు తగ్గినవాళ్లకూ, పది రోజులకు పైగా దాదాపు ఏమీ తిననివాళ్లకూ ఈ ముప్పు ఉంది. వాంతులు చేసుకోవడం, విరేచనాల మాత్రలు వాడటం పొటాషియాన్ని ముందే తగ్గించేస్తాయి. సిగ్గుతో వీటిని దాచేవాళ్లు చాలామంది. తప్పు పట్టకుండా, ఒంటరిగా ఉన్నప్పుడు నెమ్మదిగా అడిగి డాక్టరుకు చెప్పండి. నీరసంగా ఉందని పరీక్షలేవీ లేకుండా గ్లూకోజ్ ఎక్కించవద్దు. అదీ తిండితో సమానమే.

ఇదంతా చదివి భయపడి తిండి ఆపేయకండి. మరీ తక్కువ పెట్టడమూ ప్రాణాంతకమే. ఎంతతో మొదలుపెట్టి ఎలా పెంచాలో డాక్టరు, డైటీషియన్ చెబుతారు.

మొదటి రోజుల్లో కొంచెం తిన్నా కడుపు ఉబ్బరంగా ఉంటుంది, ఎందుకంటే పస్తుల వల్ల జీర్ణాశయం మందగిస్తుంది. కాళ్లకు నీరు పట్టవచ్చు. బరువు పెరిగిపోతున్నామనే టెన్షన్‌తో మళ్లీ తిండి మానేసేది చాలావరకు ఇక్కడే. అది నీరే, కొవ్వు కాదని ముందుగానే చెప్పి ఉంచండి. అయితే వాపు కనిపిస్తే డాక్టరుకు తెలియజేయండి.

ఆయాసం, గుండెదడ, స్పృహ తప్పడం, తికమకగా మాట్లాడటం, నడక తూలడం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. "చచ్చిపోవాలనిపిస్తోంది" అన్నా అంతే, క్షణం కూడా ఒంటరిగా వదలకుండా తీసుకెళ్లండి. తిండి ఎప్పుడు మొదలుపెట్టారో, ఏమేం తిన్నారో, ఏ మాత్రలు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి దగ్గరుంచుకోండి. అక్కడి డాక్టరు మొదట అడిగేవి అవే.