ఇంగ్లండ్‌లో టాక్సీ బ్యాడ్జీకి దరఖాస్తు: కౌన్సిల్ ఏం చూస్తుంది, మీరేం చెప్పాలి

ఇంగ్లండ్‌లో డబ్బు తీసుకుని కారులో మనుషుల్ని తిప్పాలంటే డీవీఎల్‌ఏ (డ్రైవింగ్ లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే చాలదు. స్థానిక కౌన్సిల్ ఇచ్చే టాక్సీ డ్రైవర్ లైసెన్సు కూడా ఉండాలి. వాడుకలో దాన్ని బ్యాడ్జీ అంటారు. 1976 నాటి చట్టం ప్రకారం, దరఖాస్తుదారు 'ఫిట్ అండ్ ప్రాపర్', అంటే ఈ పనికి అన్ని విధాలా తగిన మనిషి అని నమ్మకం కుదిరితేనే కౌన్సిల్ లైసెన్సు ఇవ్వాలి. ఇక్కడ సంశయలాభం దరఖాస్తుదారుకు దక్కదు. తగినవాణ్నని చూపించుకునే బాధ్యత మీదే. మీరు బండి బాగా నడుపుతారా అన్నది అందులో ఒక భాగం మాత్రమే.

ఇంత పట్టుదలకు కారణం ఉంది. ఉత్తర ఇంగ్లండ్‌లోని రాథర్‌హామ్ పట్టణంలో 1997 నుంచి 2013 వరకు కనీసం 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014లో స్వతంత్ర విచారణ జరిపిన అలెక్సిస్ జే నివేదిక అంచనా వేసింది. అందులో కొందరు టాక్సీ డ్రైవర్ల పాత్ర ఉందనీ, లైసెన్సులు ఇచ్చే విభాగం ప్రజల్ని కాపాడలేకపోయిందనీ ఆ తర్వాతి ఏడాది ప్రభుత్వం పంపిన లూయీస్ కేసీ తనిఖీలో తేలింది. 2020 జులైలో ప్రభుత్వం అన్ని కౌన్సిళ్లకూ ఉమ్మడి ప్రమాణాలు విడుదల చేసింది. వాటిలో అధికారులు తమను తాము వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: మీకు కావలసిన మనిషి, ఏ స్థితిలో ఉన్నా, పగలైనా రాత్రయినా, ఈ డ్రైవర్ కారులో ఒంటరిగా ప్రయాణిస్తే మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోలేమనిపిస్తే లైసెన్సు లేదు. ఆ ప్రశ్న న్యాయమైనదేనని నా నమ్మకం. అర్ధరాత్రి మన చెల్లెలు ఒంటరిగా క్యాబ్ ఎక్కితే మనం కోరుకునేదీ అదే కదా.

ముందు ఇవి సరిచూసుకోండి

ఇక్కడ చెప్పేది లండన్ మినహా ఇంగ్లండ్‌కు వర్తిస్తుంది. లండన్‌లో లైసెన్సు ఇచ్చేది ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ చట్టాలు వేరు.

రోడ్డు మీద చెయ్యెత్తితే ఆపి ఎక్కించుకునేది హ్యాక్నీ క్యారేజ్. ముందుగా ఆపరేటర్ (బుకింగులు తీసుకునే సంస్థ) దగ్గర బుక్ చేస్తే వచ్చేది ప్రైవేట్ హైర్. ఊబర్, బోల్ట్ లాంటి యాప్‌ల పని ఎక్కువగా ప్రైవేట్ హైర్ కిందికే వస్తుంది. ప్రైవేట్ హైర్‌లో డ్రైవర్ బ్యాడ్జీ, బండి ప్లేటు (బండికిచ్చే లైసెన్సు), ఆపరేటర్ లైసెన్సు మూడూ ఒకే కౌన్సిల్‌వి అయి ఉండాలి. అది చూడకుండా బండి కొనేసి, తర్వాత తల పట్టుకునేవాళ్లున్నారు. ముందు బ్యాడ్జీ చేతికి రానివ్వండి, బండి సంగతి తర్వాత.

వీసా సంగతి ఇంకా ముఖ్యం. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు, ఈ పని ఎక్కువగా అలాగే నడుస్తుంది. గ్రాడ్యుయేట్ వీసా మీదా, డిపెండెంట్‌గా వచ్చినవాళ్లకూ సాధారణంగా ఆ అడ్డంకి ఉండదు. పని చేసే హక్కును షేర్ కోడ్‌తో (మీ వీసా వివరాలు చూపించడానికి ప్రభుత్వ సైట్‌లో మీరు తీసుకునే కోడ్) కౌన్సిల్ స్వయంగా తనిఖీ చేస్తుంది. లైసెన్సు మామూలుగా మూడేళ్లకు ఇస్తారు గానీ వీసా అంతకంటే ముందే అయిపోతే లైసెన్సు గడువూ అక్కడితో ఆగుతుంది.

ఇండియా లైసెన్సుతో ఎన్నాళ్లు నడిపినా ఆ అనుభవం ఇక్కడ లెక్కలోకి రాదు. దాన్ని నేరుగా మార్చుకునే వీలు లేదు, ఇక్కడ పరీక్షలు పాసై పూర్తి లైసెన్సు తెచ్చుకోవాలి. అది చేతికొచ్చాక కనీసం 12 నెలలు గడవాలి. ఆ మొదటి రెండేళ్లలో జాగ్రత్త: తప్పులకు వేసే పెనాల్టీ పాయింట్లు ఆరు పడితే లైసెన్సే రద్దవుతుంది. చేతిలో ఫోన్ పట్టుకుని నడుపుతూ ఒక్కసారి దొరికితే పడేవి సరిగ్గా ఆరు.

కాగితాలు, తనిఖీలు

ఆన్‌లైన్ ఫారం, ఫీజు, ఇంగ్లీషు మాట్లాడటం రాయడం వచ్చని రుజువు, పిల్లల రక్షణ మీద శిక్షణ, స్థానిక దారులూ నిబంధనల మీద నాలెడ్జ్ టెస్టు. వీటి వివరాలూ ధరలూ కౌన్సిల్‌ను బట్టి మారతాయి, మీ కౌన్సిల్ పాలసీ పత్రం దింపుకుని చదవండి. దాదాపు అన్ని చోట్లా ఒకేలా ఉండి, ఎక్కువమందిని తికమక పెట్టేవి మూడు.

మొదటిది డీబీఎస్. ఇది పోలీసు రికార్డుల తనిఖీ, అందులో కూడా ఎన్‌హాన్స్‌డ్ స్థాయిది. పిల్లలతో, నిస్సహాయులతో పని చేయకుండా నిషేధించిన వ్యక్తుల జాబితాలనూ చూస్తారు. సర్టిఫికెట్ జారీ అయిన 30 రోజుల్లో అప్‌డేట్ సర్వీసులో చేరండి. బ్యాడ్జీ ఉన్నన్నాళ్లూ ఆరునెలలకోసారి కౌన్సిల్ ఈ రికార్డు చూస్తుంది. చేరకపోతే ప్రతిసారీ కొత్త దరఖాస్తు, కొత్త ఖర్చు.

రెండోది, మనవాళ్ల దరఖాస్తు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. డీబీఎస్‌లో ఇండియా రికార్డులు కనిపించవు. అందుకే బ్రిటన్ బయట వరుసగా మూడు నెలలు లేదా అంతకు మించి ఉన్నవాళ్లను ఆ దేశపు సత్ప్రవర్తన ధ్రువపత్రం అడుగుతారు. మనకైతే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్), భారత హైకమిషన్ ద్వారా తీసుకోవాలి. మధ్యలో దుబాయ్‌లోనో ఖతర్‌లోనో పని చేసి ఉంటే అక్కడిది కూడా. ఇది చేతికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు దీన్నే మొదలుపెట్టండి. ఇంట్లో గొడవల్లో ఎప్పుడో పెట్టిన కేసు ఇంకా నడుస్తుంటే, ఎఫ్‌ఐఆర్ తెలుగులో ఉంటే, గుర్తింపు ఉన్న అనువాదకుడితో ఇంగ్లీషు చేయించి, కేసు ఏ దశలో ఉందో కోర్టు కాగితాలతో సహా జతచేయండి.

మూడోది వైద్య పరీక్ష. లారీ, బస్సు డ్రైవర్లకు పెట్టే గ్రూప్ 2 ప్రమాణాలనే చాలా కౌన్సిళ్లు టాక్సీకీ పెడతాయి. చూపు అద్దాలతోనైనా సరే మంచి కంటిలో 6/7.5, రెండో కంటిలో కనీసం 6/60 ఉండాలి. ఇన్సులిన్ తీసుకునే షుగర్ ఉన్నా ఆశ వదులుకోనక్కర్లేదు, కానీ గ్లూకోజ్ రీడింగుల రికార్డు సరిగ్గా పెట్టుకుని ఉండాలి. మీ వైద్య చరిత్ర తెలిసిన డాక్టరే సంతకం చేయాలని చాలా చోట్ల అంటారు, కాబట్టి వచ్చిన కొత్తలోనే జీపీ (స్థానిక ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు నమోదు చేసుకోండి.

ఫారంలోని ఆ ఒక్క పేజీ

నేరాలు, హెచ్చరికలు, పెనాల్టీలు, అరెస్టులు, నడుస్తున్న కేసుల గురించి అడిగే పేజీ ఒకటి ఉంటుంది. దాని ముందు కాస్త ఆగండి. ఈ ఉద్యోగాల విషయంలో 'పాతబడిన' శిక్షల్ని దాచుకునే హక్కు వర్తించదు. ఎన్నేళ్ల కిందటిదైనా కౌన్సిల్ లెక్కలోకి తీసుకోవచ్చు. తెలిసీ అబద్ధం రాస్తే అదే ఒక నేరం.

మరణానికి కారణమైన నేరాలు, లైంగిక నేరాలు, మనుషుల్ని బానిసల్లా వాడుకోవడం లాంటి దోపిడీ నేరాల్లో శిక్ష పడితే లైసెన్సు రాదు. హింసకు శిక్ష పూర్తయ్యాక పదేళ్లు, మోసం దొంగతనాలకు ఏడేళ్లు, తాగి నడిపినందుకు ఏడేళ్లు, ఫోన్ పట్టుకుని నడిపి శిక్ష పడితే అయిదేళ్లు ఆగాలన్నది ప్రమాణాల్లో సూచించిన గడువు. ఇవి మొదలుపెట్టే కొలతలు. ప్రతి కేసునూ దాని మంచిచెడ్డలతో విడిగా చూడాలి. ఒక స్పీడింగ్ పెనాల్టీ నిజాయితీగా రాసినవాడికి లైసెన్సు దొరకడం మామూలే. అదే పెనాల్టీ దాచిపెట్టి, డీవీఎల్‌ఏ రికార్డులో బయటపడితే అసలు విషయం పెనాల్టీ కాదు, మీ మాట మీద నమ్మకం. అక్కడ చాలా మంచి దరఖాస్తులు పోతున్నాయి, నాకు బాధ కలిగించేది అదే. గుర్తులేకపోతే డీవీఎల్‌ఏ సైట్‌లో మీ రికార్డు మీరే చూసుకుని తేదీలతో రాయండి.

కమిటీ ముందుకు పిలిస్తే

సందేహం లేని దరఖాస్తులను అధికారులే తేలుస్తారు. మిగతావి లైసెన్సింగ్ కమిటీకో సబ్ కమిటీకో వెళతాయి. ముందు అధికారి మీ ఫైలు చదివి వినిపిస్తాడు, కౌన్సిలర్లు ప్రశ్నలు వేస్తారు, న్యాయ సలహాదారు ఉంటాడు. మీరు లాయర్‌ని తీసుకెళ్లవచ్చు. ఏం జరిగింది, దానికి మీ బాధ్యత ఎంత, ఆ తర్వాత మీరేం మార్చుకున్నారు అన్నది మీ నోటితోనే చెప్పండి. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, ఊళ్లో అప్పులు ఎంత నిజమైనా వాటిని బట్టి నిర్ణయం మారదు. కుటుంబ పరిస్థితి లెక్కలోకి రాదని 2002లో లీడ్స్ కౌన్సిల్ కేసులో హైకోర్టు చెప్పింది.

బ్యాడ్జీ వచ్చాక

అరెస్టయినా, శిక్ష పడినా, చాలా కౌన్సిళ్లకు 48 గంటల్లో చెప్పాలి. గైడ్ డాగ్‌తో (చూపు లేనివాళ్లకు దారి చూపే కుక్క) వచ్చిన ప్రయాణికుణ్ని కాదనకూడదు, అదనంగా వసూలు చేయకూడదు. కుక్క అంటే భయమన్నది చట్టం ఒప్పుకోదు. వైద్య కారణం ఉంటే కౌన్సిల్ నుంచి మినహాయింపు పత్రం ముందే తీసుకోవాలి. రెన్యువల్ సమయంలో హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) నుంచి పన్ను తనిఖీ కోడ్ కావాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ కోడ్ లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు.

తీవ్రమైన ఫిర్యాదు వస్తే కౌన్సిల్ లైసెన్సును సస్పెండ్ చేయవచ్చు, రద్దూ చేయవచ్చు. తిరస్కరించినా, రద్దు చేసినా నోటీసు అందిన 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టుకు అప్పీలు చేసుకోవాలి. ప్రజల భద్రత కోసం తక్షణం అమలు చేస్తున్నామని రద్దు నోటీసులో రాస్తే ఆ క్షణం నుంచి నడపకూడదు. అలా రాయకపోతే అప్పీలు తేలేదాకా పని చేసుకోవచ్చు. అందుకే నోటీసు వచ్చిన రోజే ఆ వాక్యం కోసం వెతకండి.

ఒక కౌన్సిల్ కాదంటే పక్క ఊళ్లో అడుగుదామనుకునేవాళ్లకు ఒక మాట. 2023 ఏప్రిల్ 27 నుంచి భద్రతకు సంబంధించిన తిరస్కరణలు, సస్పెన్షన్లు, రద్దులు ఎన్‌ఆర్3ఎస్ అనే జాతీయ రిజిస్టరులో నమోదవుతాయి. కొత్త దరఖాస్తు వచ్చినప్పుడు ప్రతి కౌన్సిలూ అందులో చూసి తీరాలి. అక్కడ పేరున్నంత మాత్రాన దారి మూసుకుపోదు. రెండో కౌన్సిల్ సొంతంగా ఆలోచించి నిర్ణయం తీసుకోవాలి. కాబట్టి రెండో ఫారంలో మొదటి తిరస్కరణను తేదీతో, కారణంతో మీరే ముందుగా రాయండి, మొదటి కౌన్సిల్ ఇచ్చిన లేఖ కాపీ జతచేయండి.