టెలిగ్రామ్ గ్రూపులో తెలియనివాళ్ల మెసేజ్‌కు జవాబిచ్చే ముందు

- అడ్మిన్ ఫొటో ఎవరైనా పెట్టుకోవచ్చు. యూజర్‌నేమ్‌ అసలు అడ్మిన్‌దానితో అక్షరం అక్షరం పోల్చి చూడండి. అనుమానముంటే గ్రూపులోనే అందరి ముందు అడగండి.

- "హోటళ్లకు రేటింగ్ ఇస్తే డబ్బులు" అంటారు. మొదట 150, 200 రూపాయలు నిజంగానే వేస్తారు. అదే ఎర! తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" పేరుతో మన చేతే కట్టిస్తారు. యాప్‌లో లాభం పెరుగుతూ కనిపిస్తుంది, తీసుకోబోతే ట్యాక్స్ కట్టమంటారు. పోయింది రాబట్టుకుందామని ఇంకో రూపాయి కూడా వేయొద్దు.

- డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.

- ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) పంపితే తెరవొద్దు. ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దని వేరే చెప్పక్కర్లేదు.

- బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్లు తీసుకోండి (టెన్షన్‌లో చాలామంది మరిచిపోయేది ఇదే). డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.