వాషింగ్ మెషీన్, డ్రయర్ కొనే ముందు చూసుకోవాల్సినవి

ముందు నీళ్లు. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లకు బోరు నీళ్లే దిక్కు. ఆ ఉప్పునీళ్లకు మెషీన్‌లోని హీటర్ రాడ్ మీద తెల్లగా పెచ్చు కడుతుంది, నీళ్లు వేడెక్కడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది, చివరికి రాడ్ కాలిపోతుంది. బోరు నీళ్లయితే హీటర్ లేని టాప్‌లోడ్ మేలు. బడ్జెట్ తక్కువైతే సెమీ ఆటోమేటిక్.

పై అంతస్తువాళ్లు నీళ్ల ప్రెషర్ చూసుకోవాలి. ట్యాంకులో నీటిమట్టం కుళాయికి 3 మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చేది దాదాపు 0.3 బార్ ప్రెషర్ మాత్రమే. మోడల్‌కు కనీసం ఎంత కావాలో మాన్యువల్‌లో ఉంటుంది, డబ్బు కట్టకముందే అడగండి.

ఎర్తింగ్ ఉన్న సాకెట్ తప్పనిసరి, హీటర్ ఉన్న మోడల్‌కైతే అది 16 ఆంప్స్‌ది కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలు వద్దు, వేడెక్కి కరిగిపోవచ్చు.

మెషీన్ బాల్కనీలో పెట్టేట్టయితే తలుపులోంచి పడుతుందో లేదో వెడల్పు కొలవండి.

మెషీన్‌లో స్పిన్ నీళ్లు పిండుతుందంతే, పూర్తిగా ఆరబెట్టదు. ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేసే వాషర్ డ్రయర్‌లో ఉతికే బరువుకన్నా ఆరబెట్టే బరువు తక్కువ. రెండు అంకెలూ చూడండి. మన ఎండలకు విడి డ్రయర్ అవసరం వానాకాలంలోనే, ముందు బట్టలు ఆరేసే మంచి స్టాండ్ కొనండి. డ్రయరే కావాలంటే వేడిని మళ్లీ మళ్లీ వాడుకునే హీట్ పంప్ రకానికి ధర ఎక్కువ, కరెంటు తక్కువ.

ఫ్రంట్‌లోడ్ బిగించేటప్పుడు దగ్గరుండి వెనకవైపు ట్రాన్సిట్ బోల్టులు (రవాణాలో డ్రమ్ము కదలకుండా బిగించినవి) తీయించండి. వాటితోనే నడిపితే మెషీన్ ఊగిపోయి డ్రమ్ము దెబ్బతింటుంది.