ఒక అధ్యాయం చదివి సొంత ధ్యానం రాసుకోవడం ఎలా?

నేను బెంగళూరు మెట్రోలో రోజూ ఫోన్‌లోనే బైబిలు చదువుతాను కానీ, చదివినదాని మీద ధ్యానం రాసుకోవాలంటే మాత్రం అచ్చు పుస్తకం, ఒక నోటుపుస్తకం, పొద్దున్నే ఇల్లు లేవకముందు దొరికే అరగంట తప్పనిసరి. ఉదాహరణకు లూకా సువార్త 15వ అధ్యాయాన్ని తీసుకుందాం. తప్పిపోయిన గొఱ్ఱె, పోయిన నాణెం, ఇద్దరు కుమారుల కథలు కలిపి అందులో ఉన్నవి 32 వచనాలే.

మొదట కలం పట్టుకోకుండా అధ్యాయమంతా పైకి చదవండి. ‘సుంకరులు’, ‘సణుగుకొనిరి’ వంటి మాటల దగ్గర, ముఖ్యంగా ఇక్కడే పుట్టి పెరిగి కన్నడ బడుల్లో చదువుకున్న పిల్లలు ఆగిపోతారు. సుంకరులంటే పన్ను వసూలు చేసేవారని అప్పుడే చెప్పేసి ముందుకు సాగాలి.

రెండోసారి చదివేటప్పుడు కొంచెం వెనక నుంచి మొదలుపెట్టండి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలోనూ, నేడు మనం వాడే కొత్త నిబంధన వచనాల అంకెలు 1551లోనూ వచ్చాయి కాబట్టి, ఆ గీతలు లూకా గీసినవి కావు. 14వ అధ్యాయం ‘చెవులున్నవాడు వినాలి’ అనే మాటతో ముగుస్తుంది; 15వది సుంకరులూ పాపులూ యేసు బోధ వినడానికి దగ్గరకు రావడంతో మొదలవుతుంది. వినవలసిన పరిసయ్యులు (మతాచారాల్లో నిష్ఠ గల యూదులు), శాస్త్రులు (ధర్మశాస్త్రం బోధించేవారు) సణుగుతుంటే, ఎవరూ లెక్కపెట్టనివారు వచ్చి విన్నారు. మధ్యలో ఉన్న అంకె వల్ల నేను చాలా ఏళ్లు ఈ సంగతి గమనించనేలేదు.

మూడోసారి కలం తీసుకుని, ఎవరు ఎవరితో ఏమన్నారో, ఏది అనలేదో మాత్రమే రాయండి. ఈ మెట్టుకే ఎక్కువ సమయం ఇవ్వాలి. ఆస్తిలో తన వాటా తీసుకుని దూరదేశం వెళ్లి, అంతా పాడుచేసుకుని పందులు మేపే స్థితికి వచ్చిన చిన్నకొడుకు, ఇంటికి తిరిగి వెళ్లాలనుకుని తండ్రితో చెప్పవలసిన మాటలను ముందే సిద్ధం చేసుకుంటాడు. వాటిలో చివరిది, తనను కూలివారిలో ఒకడిగా పెట్టుకొమ్మన్న వేడుకోలు. 18, 19 వచనాలను 21వ వచనం పక్కన పెట్టి చూస్తే, ఇంటికి చేరాక ఆ వేడుకోలు అతని నోట రాలేదని తెలుస్తుంది, ఎందుకంటే తండ్రి అప్పటికే వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మని దాసులకు చెబుతున్నాడు. తమ్ముడు తిరిగి వచ్చినందుకు తండ్రి విందు చేశాడని కోపగించిన పెద్దకొడుకు 30వ వచనంలో ‘నా తమ్ముడు’ అనడు, ‘నీ కుమారుడు’ అంటాడు. కోపం వచ్చిన పూట మన ఇళ్లలోనూ ‘మీ కొడుకు ఏం చేశాడో చూడండి’ అనే మాటే కదా వినిపించేది! తండ్రి 32వ వచనంలో వాదించకుండా ‘నీ తమ్ముడు’ అని ఆ వరుసను తిరిగి కలుపుతాడు.

ఇప్పుడు ధ్యానం రాయండి. గమనించినవాటిలో మనసును గుచ్చినది ఒక్కటే ఎంచుకుని, వాడుక తెలుగులో, పది వాక్యాలకు మించకుండా రాస్తే చాలు. ‘మనం క్షమించాలి’ అని రాసిన చోట కొట్టివేసి, ఎవరిని అన్నా, తమ్ముడూ అంటూ వరుస కలిపి పిలవడం మానేశారో ఆ మనిషిని తలచుకుని రాయండి. ‘మనం’ అన్న క్షణం అది ప్రసంగమవుతుంది. ఇతరులకు చూపించనక్కరలేదు కాబట్టి భాష గురించి దిగులు వద్దు.

వ్యాఖ్యాన గ్రంథాలు తెరవాలనుకుంటే ఇదంతా అయ్యాకే తెరవండి. పెద్దకొడుకు చివరికి విందు జరుగుతున్న ఇంట్లోకి వెళ్లాడో లేదో లూకా రాయలేదు గనుక, ఈ అధ్యాయానికి మాత్రం పేజీలో సగం ఖాళీ వదిలి తేదీ వేసుకోండి.