పీడీపీ-11 (పాత మినీకంప్యూటర్) మీద 2.11బీఎస్‌డీ (ఒక యునిక్స్ రకం) కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, మార్చే ముందు జాగ్రత్తలు

- పనిచేస్తున్న యునిక్స్ ఫైలునూ (కెర్నల్ ఇదే), నెట్‌నిక్స్‌నూ (దాని నెట్‌వర్క్ భాగం) వేరే పేర్లతో రూట్ డైరెక్టరీలో దాచండి. అవి జంట, విడదీయకండి.
- దాచిన కెర్నల్‌ను బూట్ ప్రాంప్ట్ దగ్గర పేరు కొట్టి ఒకసారి నిజంగా ఎక్కించి చూడండి. కొత్తది మొండికేస్తే ఆదుకునేది అదే.
- జెనరిక్ అనే అసలు కాన్ఫిగరేషన్ ఫైలు జోలికి పోకండి, కాపీలోనే దిద్దండి.
- అసలు చిక్కు ఓవర్‌లేలతోనే, అంటే మెమరీలో ఒకే చోటికి వంతులవారీగా వచ్చే కోడు ముక్కలతోనే. 16 బిట్ల చిరునామాలకు అందేది 64 కేబీయే, ఒక్కో ఓవర్‌లే 8 కేబీ దాటకూడదు. డ్రైవర్ చేర్చాక లింకింగ్ ఆగిపోతే, మేక్‌ఫైలులో మాడ్యూళ్లను చోటున్న ఓవర్‌లేలోకి జరపాలి. దీనికి ఒక సాయంత్రం కేటాయించుకోండి, తొందరపడితే లెక్క తప్పుతుంది.
- డీట్యాబ్‌లో (పరికరాల పట్టిక ఫైలు) చిరునామాలూ, వెక్టర్లూ (ఇంటరప్ట్ స్థానాలు) ఆక్టల్‌లోనే, అంటే ఎనిమిది ఆధారంగా: ఆర్‌ఎల్ డిస్కుకు చిరునామా 174400, వెక్టర్ 160.
- ఒకసారికి ఒకే మార్పు, కాగితం మీద రాసుకున్నాకే.